అవ్వ తోమిన గడ్డపార

నిన్న పశువుల కొట్టం సర్దుతుంటే మూలన మా పాత గడ్డపార దొరికింది. ఆ తుప్పు వాసనకు నా నాలుగో తరగతి గుర్తొచ్చింది.

తెలంగాణ వచ్చిన కొత్తలో మన ఊళ్లలో గుప్తనిధుల పిచ్చి ఎట్లా ఉండేదో నా ఈడువాళ్లకు తెలుసు. ఒక పొద్దున మా గుట్ట మీది రాతినంది బోర్లా పడి ఉంది. దాని కింద నడుములోతు గుంత, చుట్టూ కోసిన నిమ్మకాయలు, చల్లిన పసుపు. ఊరంతా గుట్టెక్కింది. దొంగలను అందరికంటే గట్టిగా తిట్టింది మా నాన్నే, మా బాపే.

మా నాయనమ్మకు, అవ్వకు, చెబుదామని ఇంటికి ఉరికొచ్చాను. మోకాళ్ల నొప్పులతో ఏళ్లుగా ఇల్లు దాటని అవ్వ, వాకిట్లో కూర్చుని గడ్డపారను చింతపండుతో తోముతోంది, ఇత్తడి చెంబును తోమినట్టు. నీళ్లు పసుపుపచ్చగా పారుతున్నాయి.

"గదెందుకు తోముతున్నవ్ అవ్వా?"

"తుప్పు పట్టింది బిడ్డా."

"గుట్ట మీద నంది కింద ఎవరో తవ్విన్రంట."

అవ్వ తలెత్తలేదు.

"తవ్వితే ఏమాయె. అండ్ల ఏం లేకుండె."

దొంగలను తిడుతున్న బాపు గొంతు గుట్ట మీంచి ఇంకా వినబడుతూనే ఉంది.