మంగవ్వ మాన్పించిన పాలు

అమీర్‌పేట ఇంకా ఊరుగానే ఉన్న నిజాం రోజులవి. పంజగుట్ట నవాబుల దేవిడీల్లో పొద్దున చాయ్ కాగాలంటే మంగవ్వ బర్రెలు చేపాలి. ఆ సంగతి ఆమెకూ తెలుసు, అందుకే నడకలో కాస్త పొగరు. మొగుడు హనుమాండ్లు ఒక నవాబు తోటలో మాలి. ఓ వానకాలం అతని కాలికి పార తగిలింది. పసుపు అద్ది గుడ్డ కట్టారు. కాలు వాచి, ఒళ్లు కాలిపోయే జ్వరం వచ్చాక గానీ దవాఖానకు తీసుకుపోలేదు.

డాక్టరు గాయం కోసి చీము తీశాడు, నెత్తురు పరీక్షకు పంపాడు. ఫలితం చూసి ఉర్దూలో గబగబా ఏదో చెప్పి పక్క మంచానికి వెళ్లిపోయాడు. కాంపౌండరు జ్ఞానరాజు ఆ మాటను తెలుగులో చెప్పాడు.

"నెత్తుర్ల తెల్లకణాలు మస్తు పెరిగినయమ్మా. ఉండాల్సిన దానికి రెండింతలున్నయి."

"ఎందుకు పెరిగినయి సారూ?"

అతను అప్పటికే ఇంకొకరికి మందు పోస్తున్నాడు.

కారణం మంగవ్వే వెతుక్కుంది. పొద్దూ మాపూ మొగుడికి చెంబెడు పాలు తాగించేది తనే కదా, నెత్తురు తెల్లబడక ఏం చేస్తుంది? ఆ పూట నుంచే పాలు, పెరుగు మాన్పించింది. ఎర్రగా ఉంటాయని దానిమ్మ గింజలు, బెల్లం నీళ్లు దవాఖానకు మోసుకుపోయేది.

"మంగా, జరంత పాలు తేవే. నోరంత చేదున్నది," అని హనుమాండ్లు బతిమాలాడు.

"నెత్తురు ఎర్రగ కానియ్యి, సర్వెడు తెస్త," అంది.

కొన్నాళ్లకు మళ్లీ పరీక్ష చేశారు. తెల్లకణాలు బాగా పడిపోయాయన్నాడు జ్ఞానరాజు. మంగవ్వ ముఖం విప్పారింది.

"పాలు బంద్ వెట్టిన సారూ, గందుకే దిగినయి."

జ్ఞానరాజు మందు సీసా కింద పెట్టి, ఆమెను బల్ల మీద కూర్చోబెట్టాడు.

"అవి రోగం గాదమ్మా. ఒంట్ల రోగంతోని కొట్లాడేటియి అవే, అందుకే అప్పుడు పెరిగినయి. ఇప్పుడు కొట్లాడి కొట్లాడి సచ్చినయి, కొత్తయి పుడ్తలేవు. గిట్ల తగ్గుడు మంచిది గాదు. పాలెందుకు మాన్పిచ్చినవు? మనిషికి బలం ఉండాలె గదా."

ఈ ముక్క మొదటిరోజే చెబితే ఆయన నోటి ముత్యాలు రాలిపోయేవా?

మంగవ్వ ఇంటికి పరుగెత్తి, బర్రెను పిండి, పాలు కాచి తెచ్చింది. అప్పటికే తెలివి తప్పిన మొగుడి నోట్లో చెంచాతో పోస్తే పెదవుల పక్క నుంచి కారిపోయాయి. తెల్లారేసరికి హనుమాండ్లు పోయాడు.

దినాలయ్యాక ఆమె మళ్లీ దవాఖానకు వెళ్లింది.

"పాలు పోస్తే బతుకుతుండెనా సారూ?"

"చెప్పలేమమ్మా," అన్నాడు జ్ఞానరాజు.

బతికేవాడు కాదని ఒక్క అబద్ధం ఆడినా ఆమెకు కంటి నిండా నిద్ర పట్టేది. అదీ ఆయనకు తోచలేదు. ఆ తర్వాత ఏళ్ల తరబడి, పాలు పోసే ఇళ్లలో ఏ డాక్టరు కనబడినా మంగవ్వ అదే అడిగేది. అవుననీ కాదనీ ఎవరూ అనలేదు. పాలు మాత్రం చిక్కగా ఉన్నాయని మెచ్చుకునేవాళ్లు.