వసారాలో గోలు గుంజలు

సర్వలోకాల ప్రభువైన అల్లాహ్‌కే సమస్త స్తోత్రాలు. బెదిరిన ఇంట్లో ఓర్పును, ఎడమైన మనసుల్లో మమతను పెట్టేవాడు ఆయనే. ఈ వయసులో కూడా ఆ రోజుల్ని నా జ్ఞాపకంలో ఉంచినవాడూ ఆయనే.

నిన్న మా వీధి మసీదు గోడకు సున్నం వేస్తున్నారు. తడి సున్నం వాసన తగలగానే నేను చిలకలగూడలో, మా పాత ఇంటి వసారాలో, తొమ్మిదేళ్ల పిల్లనైపోయాను. మాది దూదేకి పరుపులు కుట్టే కుటుంబం. పత్తి ఆరబోసుకోవడానికి తాత కట్టించిన ఆ వసారా చాలా పొడుగ్గా ఉండేది కాబట్టి, మా వాడ ఫుట్‌బాల్ టీము వాళ్లు వానాకాలమంతా గోలు గుంజల్ని మా ఇంట్లోనే దాచేవాళ్లు. మైదానంలో వదిలేస్తే చెదలైనా తినేవి, ఎవరి పొయ్యిలోకైనా పోయేవి.

వానలు వెనకపట్టి, మైదానంలో బురద గట్టిపడి, గడ్డి కొసలు పండుబారిన తర్వాత వచ్చే మొదటి శుక్రవారం, జుమ్మా నమాజు కాగానే టీమంతా వచ్చి మా తలుపు కొట్టేది. ఆ దెబ్బ కోసం నేను పొద్దుటి నుంచీ గడప మీదే కూర్చునేదాన్ని. అమ్మీ ఉడికించిన శనగల్లో ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి తరిగి వేసి దొప్పల్లో పెట్టేది. గుంజలకు కొత్త సున్నం పూసి, అబ్బా వాటి మీద చేయి వేసి బిస్మిల్లా అన్నాక, టీముకు కెప్టెన్ అయిన యాదగిరి వాటిని భుజానికెత్తించి మైదానానికి నడిపించేవాడు. బోయిగూడ వాళ్లో అల్వాల్ వాళ్లో మా మైదానానికి ఆడటానికి వచ్చిన సాయంత్రాల్లో నేను అబ్బా పక్కన గోనెపట్టా మీద కూర్చుని, రైళ్ల బొగ్గుపొగా, వేయించిన పల్లీల వాసనా, లేచిన దుమ్మూ కలిపి పీలుస్తూ, గోల్‌లో నిలబడిన అబ్బా తమ్ముడు, మా ఖాసిం చాచానే చూసేదాన్ని.

నాకు తొమ్మిదేళ్లున్న ఆ సంవత్సరం, వానలు పూర్తిగా వెనకపట్టకముందే, నిజాం రాజ్యం మీదికి భారత సైన్యం దిగిన పోలీసు యాక్షన్ జరిగింది. రోడ్ల మీద మిలిటరీ లారీలు, ఇళ్లల్లో గుసగుసలు. చాచా నిజాం పక్షాన ఆయుధాలు పట్టిన రజాకార్లలో ఎన్నడూ చేరలేదు, కానీ వయసొచ్చిన మా ముస్లిం కుర్రాళ్లందరినీ రజాకార్లుగానే అనుమానించే రోజులవి. ఆయన గడప దాటడం మానేశాడు. చప్పుడు వీధిలోకి వినబడుతుందని దూదేకే విల్లు కూడా ముట్టుకోలేదు. కర్ఫ్యూలో కట్టెల అడితి మూతబడితే అమ్మీ చూపు వసారాలోని గుంజల మీద పడింది.

"ఇంకెవరొస్తరని దాస్తున్నవ్? పొయ్యిల పెడ్తే పిల్లకింత బువ్వన్న వండుత."

"అవి మనయి గావు, అమానత్," అన్నాడు అబ్బా. "వాళ్లు నమ్మి పెట్టిన్రు. అడిగేదాంక మన నీడల ఉండాలె."

నమ్మి అప్పగించినదాన్ని హక్కుదారుకు తిరిగి చేర్చమన్నది అల్లాహ్ ఆజ్ఞ అని ఆయన నాకు ఎప్పుడో నేర్పాడు. దాని బరువు నాకు తెలిసింది మాత్రం నానబెట్టిన అటుకులు తిని పడుకున్న ఆ రోజుల్లోనే.

కర్ఫ్యూ సడలింది. గుంజలు తీసుకెళ్లాల్సిన శుక్రవారం వచ్చింది. అమ్మీ ఏమీ అనకుండానే శనగలు ఉడికించింది. ఎవరూ రాలేదు. మరుసటి శుక్రవారమూ తలుపు చప్పుడు కాలేదు. అబ్బా నమాజు చాప చుట్టి లేచాడు.

"వాళ్లు రాకుంటే మనమే అప్పజెప్పొద్దాం. లే, ఖాసిం."

"నాతోని గాదు, భాయ్."

"ఉంచుకుంటే దొంగలమైతం. లే."

గుంజల కట్టను ముందు అబ్బా, వెనక చాచా ఎత్తుకున్నారు. నేను అబ్బా చొక్కా పట్టుకుని నడిచాను. ఓరగా వేసిన తలుపుల సందుల్లోంచి కళ్లు కనబడుతున్నాయి. మలుపు దగ్గర పాన్‌డబ్బా ముందు నుంచి యాదగిరి పరుగున వచ్చాడు. చాచా ఆగిపోయాడు. యాదగిరి మాత్రం వచ్చీ రాగానే మధ్యలో భుజం పెట్టాడు.

"ఏందన్నా, మీరు మోస్తున్రు?"

"మీరు రాకపోతిరి."

"ఎట్లొస్తమన్నా? గిసొంటి దినాలల్ల పదిమందిమి గుంపుగొచ్చి తలుపు కొడ్తే, లోపల వదినె ఏమనుకుంటది? పోయిన శుక్రారం గీ మలుపు దాంక వచ్చి, ధైర్యం జాలక మళ్లిపోయినం."

అబ్బా భుజం మీద కట్టను సర్దుకున్నాడు. యాదగిరి వెనక్కి, చాచా వైపు తిరిగి, "నువ్వేందిరా, గడ్డం పెంచి పకీరువైనవ్? బోయిగూడోళ్లు ఎనిమిది గోల్‌లు కొడ్తమని చెప్పుకుంట తిరుగుతున్రు. నిలబడ్తవా, లేదా?" అన్నాడు.

"ఎనిమిదా? వాళ్ల మొఖం!" అన్నాడు చాచా. అన్ని రోజుల తర్వాత ఆయన గొంతు వీధిలో వినబడింది.

ఆ సాయంత్రం బోయిగూడ వాళ్లతో ఆటకు జనం పలచగా వచ్చారు. మా టీములో కుడివైపు ఆడే అన్నదమ్ములిద్దరూ ఆ గొడవల్లో కుటుంబంతో సహా ఎటో వెళ్లిపోయారు. వస్తారేమోనని యాదగిరి వారి చోట్లో ఇంకెవరినీ దించలేదు. మేం ఓడిపోతూనే ఉన్నాం. బంతి మూడోసారి దాటిపోయి చాచా దుమ్ములో బోర్లా పడినప్పుడు మైదానమంతా నిశ్శబ్దమైంది. అబ్బా నా చేయి గట్టిగా పట్టుకున్నాడు. ఏ కేక వస్తుందోనని ఆయన భయం. అంతలో మా వెనక నుంచి, ప్రతి ఏడూ వినబడే గొంతే అరిచింది: "అరే ఖాసిం, బంతి పట్టుకుంటున్నవా, దూది ఏకుతున్నవా?"

జనమంతా నవ్వారు. చాచా లేచి, మట్టి దులుపుకుని, ఆ అరిచినవాడికి పిడికిలి చూపించాడు. అబ్బా తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని, "అల్‌హమ్దులిల్లాహ్, అల్‌హమ్దులిల్లాహ్" అంటూ ఉండిపోయాడు.

ఇప్పుడు ఆ మైదానం మీద మూడు వరసల అపార్టుమెంట్లు లేచాయి. పిల్లలు ఆటను టీవీలో చూస్తున్నారు, ఓడినవాణ్ని పేరు పెట్టి వెక్కిరించేంత దగ్గరగా ఎవరూ కూర్చోవడం లేదు. చాచా పోయాడు, యాదగిరీ పోయాడు. ఆ అన్నదమ్ములిద్దరి కబురు మాత్రం ఎవరికీ తెలియలేదు. సీజన్ ముగిసేదాకా వారి చోటు ఖాళీగానే ఉంది. చదివే మీరు దేవుణ్ని ఏ పేరుతో పిలుచుకునేవారైనా సరే, ఆ అన్నదమ్ములు ఏ ఊళ్లో, ఏ మట్టిలో ఉన్నా కరుణించమని నాతో కలిసి ఒక్కసారి చేతులెత్తి అడగండి. ఆమీన్.