దిబ్బపల్లె బస్సు, దిల్షాద్‌బీ పుట్టి

జమ్మలమడుగు అవతల దిబ్బపల్లె చుట్టూ రిజర్వాయరు నీళ్లే. నడుమ ముప్పై ఇండ్లు. ఊరొదిలి పోండి అంటే, నీళ్లు మా గడప దాకా రాలేదు గదా, మేమెందుకు పోవాల అన్న మొండిఘటాలు వాళ్లు. ఆ మొండితనాన్ని పన్నెండేండ్లు మోసింది దిల్షాద్‌బీ. మొగుడు పోయినాక ఆయన నడిపే పుట్టి తాను పట్టింది. తట్ట మాదిరి గుండ్రంగా ఉండే ఆ పడవలో పురిటి నొప్పులోళ్లనీ, పరీక్షలకు పోయే ఆడపిల్లల్నీ అవతలి ఒడ్డుకు చేర్చింది. మొగోళ్ల దగ్గర ముక్కుపిండి వసూలు చేసేది గానీ, ఆడదాని దగ్గర పైసా ముట్టలేదు. ఇయ్యబోతే, "పోవే, నీ దుడ్లు నాకేంటికి" అని కసిరేది.

అట్లాంటి మనిషే బస్సు కావాలని ఆరేండ్లు ఆఫీసుల చుట్టూ తిరిగింది. బస్సొస్తే నీ పుట్టి ఎవరెక్కుతారే అని పొరుగింటి వెంకటసుబ్బమ్మ ఎకసెక్కాలాడితే, "గాలివానలో నువ్వొచ్చి తెడ్డేస్తావా?" అని నోరు మూయించింది. ఎట్టకేలకు నీళ్ల మీద కట్ట పడింది, కట్ట మీద రోడ్డు పడింది, ప్రొద్దుటూరు బస్సు రోజుకు రెండుసార్లు రాసాగింది. మూడు నెలలు చూస్తాం, జనం ఎక్కితేనే ఉంచుతాం అన్నారు డిపోవాళ్లు.

జనం ఎగబడి ఎక్కినారు. అయినా మూడో నెల మొదట్లో కండక్టరు మహేష్ మొహం వేలాడేసుకుని ఆమె కాడికొచ్చినాడు.

"అత్తా, మీ బస్సు తీసేస్తారంట. ఖాళీగా తిరుగుతాంది అని టికెట్ల మిషన్ లెక్క చెప్తాంది."

"ఖాళీ యాడిదప్పా? నిలబడను సందు ల్యాకపాయె."

"ఎక్కేది శానా మంది ఆడోళ్లే. సర్కారు ఫ్రీ చేసింది గాబట్టి వాళ్లకు దుడ్లక్కర్లేదు గానీ, సున్నా టికెట్టు కొడితేనే లెక్కకొస్తారు గదా. ఆధార్ కార్డు తెమ్మంటే తేరు. టికెట్టు తీసుకోమంటే, దిల్షాదత్త వద్దన్నదంటారు. దించేందుకు నాకు మనసు రాదు."

 నిజమే మరి. దుడ్లియ్యనప్పుడు ఆ పిల్లోని చేత కాగితం దండగ చేయించొద్దండి అని ఇంటింటికీ చెప్పింది దిల్షాద్‌బీనే. పుట్టిలో పనికొచ్చిన మర్యాద బస్సును ముంచేట్టుందని అప్పుడు గానీ తెలిసిరాలేదు.

సిగ్గేసింది. అయినా ఆ సాయంత్రమే మళ్లీ గడపగడపా ఎక్కి, "తప్పు నాదేనమ్మా. రేపట్నుంచి కార్డు చేతబట్టుకుని రాండి. టికెట్టు ల్యాకుండా కూర్చున్నోళ్లను నేనే దించుతా" అంది. అన్నంత పనీ చేసింది. రోజూ పొద్దున్నే బస్సు తలుపు కాడ కాపు కాసి, వెంకటసుబ్బమ్మనైతే రెండుసార్లు కార్డు కోసం ఇంటికి తరిమింది. ఆమె తిరిగొచ్చేదాకా బస్సు ఆగింది. డ్రైవరుకు కూడా దిల్షాద్‌బీ అంటే హడలే.

నెలాఖరున డిపో ఆఫీసరు అదే బస్సులో వచ్చి, మిషన్ లెక్కలు చూసి, ఈ బస్సు ఇక ఉంటుంది అని చెప్పినాడు. ఆడోళ్లంతా దిల్షాద్‌బీ చుట్టూ మూగినారు. ఆయనకు అర్థం కాక, ఇంతకీ ఈమె ఎవరు అనడిగినాడు.

"ఈడ పుట్టి నడిపేదాన్ని సార్" అంది ఆమె, తలెత్తి. "ఈ పొద్దుతో నాకు పన్ల్యా."

పని పోయిందని అంత గర్వంగా చెప్పుకున్న మనిషిని మహేష్ అంతకు ముందు చూడలేదు.