ఖాకీ బట్టలతో అక్క ఇంటికి

చైనా యుద్ధం అయిపోయిన కొత్తల్లో, అల్లూరు రైసుమిల్లులో పనిచేస్తూ హోంగార్డుల్లో చేరినాను. ఖాకీ బట్టలిచ్చిన రోజే వాటిని తొడుక్కుని, సముద్రం ఒడ్డున మా పల్లెకు, నన్ను పెంచిన అక్క దగ్గరికి బయలుదేరినాను. చెప్పకుండా వెళ్లి ఆమెను మురిపించాలని నా ఆశ.

ఆ రోజు బావ కొత్త వలను మొదటిసారి సముద్రంలో దించబోతున్నాడు. దానికి ముందు గంగమ్మకు కల్లు పోసి మొక్కడం మా ఆచారం. మద్యనిషేధం రోజులు కాబట్టి అక్క కల్లుముంతను కొంగు కింద దాచుకుని గుడిసె ముందు నిలబడి ఉంది. ఖాకీ కనబడగానే ముంతను ఇసుకలో ఒంపేసింది.

"మా ఇంట్లో ఏమీ లేదు సామీ!" అని చేతులు జోడించింది.

"అక్కా, నేనే!" అని టోపీ తీసినాను.

అక్క పిల్లలు పకపకా నవ్వినారు. అక్క నవ్వలేదు. తడిసిన ఇసుకనే చూస్తూ, "ఇంకెప్పుడూ ఆ బట్టలతో రాబాక నాయనా" అనింది.

మొక్కు తీరందే వల దించరు. బావ ఆ పూట పడవ తియ్యలేదు. కొత్త వలను మడిచి గుడిసెలో పెట్టేసినాడు.

ఆ తర్వాత చాలా ఏళ్లు హోంగార్డుగా చేసినాను. ఎందరో నాకు దండం పెట్టినారు. ఎవరు పెట్టినా నాకు అక్క చేతులే కనబడేవి.