పాలకుర్తితో ముగిసే కీ

మా ఇంటి ముందు వాటాలో ఉండే సార్ పోయిన నెల చనిపోయారు. పొద్దున టీ తాగి, కుర్చీలోనే కళ్లు మూసుకున్నారు. నేను పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. సార్ భార్య, నేను పెద్దమ్మా అని పిలిచే ఆమె, వచ్చి నా చేయి పట్టుకుని, "సార్ లేస్తలేడు బిడ్డా" అన్నది. చేతిలోని తడి చీరతోనే వెళ్లాను. దాన్ని ఎక్కడ పెట్టానో ఇప్పటికీ గుర్తు రాదు.

సార్ ఒక దవాఖానాకు పని చేసేవారు. హనుమకొండలో పెద్దది, చుట్టుపక్కల ఊళ్లలో చిన్న బ్రాంచీలు. చీటీ రాయాలన్నా, మందులివ్వాలన్నా అన్నిచోట్లా ఒకటే సాఫ్ట్‌వేర్. అది తెరుచుకోవాలంటే ఒక్కో మనిషికి ఒక్కో లైసెన్స్ కీ ఉండాలి. కీ అంటే ఇరవై అయిదు అక్షరాలూ అంకెలూ కలిసిన వరస. మొత్తం అరవై కీలు. ఏది ఎవరి పేరు మీద ఉందో చూసుకోవడం, మానేసిన వాళ్ల కీ విడిపించి కొత్తగా చేరిన వాళ్లకు ఇవ్వడం సార్ పని. రిటైరయ్యాక కూడా ఇంటి నుంచే చేసేవారు. పొడవాటి నోటుబుక్కులో కీలు పెన్నుతో, మనుషుల పేర్లు పెన్సిలుతో రాసుకునేవారు.

కళ్లకు పొరలొచ్చి చిన్న అక్షరాలు కనబడకపోయేసరికి నన్ను పిలిచారు. నేను చదివింది ఏడో తరగతి. ఏబీసీడీలు వస్తే చాలన్నారు. కీలను ఆయన ఎవరికీ మెసేజ్ పెట్టేవారు కాదు. పెడితే ఊరంతా తిరుగుతుందనేవారు. ఫోన్లో ఒక్కో అక్షరం చెప్పాల్సిందే. అవతలివాళ్లు తికమక పడకుండా అక్షరానికో ఊరు పెట్టుకున్నారు. టీ అంటే తొర్రూరు, పీ అంటే పాలకుర్తి, ఎన్ అంటే నర్సంపేట, కే అంటే ఖిలా వరంగల్. నేను నోటుబుక్కు చూసి ఊళ్లు చెబుతుంటే ఆయన ఫోన్లో అవే తిరిగి చెప్పేవారు.

నాకు కొత్తవాళ్ల ముందు గొంతు రాదు. పెళ్లయి వచ్చిన ఏడాదంతా ఈ వాకిట్లో నా మాట ఎవరూ వినలేదని పెద్దమ్మ ఇప్పటికీ ఎక్కిరిస్తుంది. మొదటిరోజు నేను గొణుగుతుంటే సార్ నవ్వారు. "జర నోరు తెర్వు బిడ్డా. అచ్చరాలు నిన్నేం కరువయి."

కొన్నాళ్లకు ఒక్కో కీ నాకు ఒక్కో బస్సు ప్రయాణం అయింది. తొర్రూరులో ఎక్కితే మరుక్షణం ఖిలాలో రాతి తోరణం కింద ఉండేదాన్ని. కన్ను మూసి తెరిస్తే నర్సంపేట. మధ్యలో అంకెలు మైలురాళ్లు. ఏ బస్సూ పోని దారుల్లో మేమిద్దరం ఆ వాకిట్లో కూర్చునే తిరిగాం. నోటుబుక్కు మీద వేపపూలు రాలితే సార్ మెల్లగా ఊదేసేవారు. అంత చిన్న పనికీ కళ్లజోడు సర్దుకునేవారు.

ఒకసారి తప్పు చేశాను. మందుల కౌంటర్లో పనిచేసే ఒకామె జ్వరమొచ్చి చనిపోయింది. విడిపించాల్సిన కీలు చదవమంటే, ఆమె పేరు దగ్గర నా వేలు ఆగిపోయింది. దాన్ని దాటేసి తర్వాతది చదివాను. మర్నాడు ఆ సీట్లోకి వచ్చిన అమ్మాయికి ఇవ్వడానికి ఒక్క కీ కూడా ఖాళీగా లేదు. జనం చీటీలు పట్టుకుని మధ్యాహ్నం దాకా నిలబడ్డారట. సార్‌కు సంగతి తెలిసింది. కోప్పడలేదు. చాలాసేపు కళ్లజోడు తుడుచుకుని, "పోయినోళ్ల పేరు మీద కీ ఉంచొద్దు బిడ్డా. వాళ్లు అచ్చి కూసోరు. కూసునేటోళ్లు బయట నిలవడ్తరు" అన్నారు.

సార్ పదకొండో రోజు అయ్యాక ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. తొర్రూరు బ్రాంచీలో కొత్త నర్సు చేరిందట. మిగతా కీలన్నీ వాడుకలో ఉన్నాయి. సార్ పేరు మీద ఉన్నది విడిపిస్తేనే ఆమెకు ఇవ్వగలరు. అందుకు నోటుబుక్కు చూసి కీ మొత్తం చదవాలి. మా బిడ్డ చదువుతది, జరసేపాగి చెయ్యమని చెప్పి పెద్దమ్మ ఫోన్ పెట్టేసి, నోటుబుక్కు తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

ఆ పేజీలో సార్ పేరు ఆయన చేత్తోనే రాసుకున్నది. పెన్సిలు గీత కొద్దిగా మెరుస్తోంది. నేను చదివితే ఇక ఆ వరసలో ఆయన ఉండరు. ఫోన్ మోగి ఆగింది. మళ్లీ మోగి ఆగింది. పెద్దమ్మ చేటలో బియ్యం ఏరుతూ, తల ఎత్తకుండానే అన్నది.

"తొర్రూరుల ఎవలో నిలవడి ఉంటరు బిడ్డా."

మూడోసారి ఎత్తాను. తిరిగి చెప్పడానికి పక్కన సార్ లేరు కాబట్టి నేనే నోరు తెరిచాను. ఆ కీ ఇక్కడ రాయను, సార్ ఒప్పుకోరు. ఒక్కో ఊరూ చెబుతూ పోయాను. అవతల ఆఫీసు అమ్మాయి మధ్యలో ఆపి, "జర మెల్లగ అక్కా. ఇప్పుడు ఏ ఊర్లె ఉన్నం?" అని అడిగింది.

"నర్సంపేట దాటినం" అన్నాను. నా గొంతు వాకిలి అవతలి దాకా వినిపించింది. పెద్దమ్మ బియ్యం ఏరడం ఆపి నావైపు చూసింది.

ఆఖరి అక్షరం పాలకుర్తి. అది రాసుకుని ఆఫీసు అమ్మాయి ఫోన్ పెట్టేసింది. ఎక్కడో బస్సు ఆగినట్టయింది. ఎండలో సార్ దిగారు. కళ్లజోడు తుడుచుకుంటూ, తొందరేమీ లేకుండా, పాలకుర్తి గుట్ట వైపు నడిచిపోతున్నారు. ఆయన లేచిన సీట్లో ఎవరో కొత్త అమ్మాయి, సంచి ఒళ్లో పెట్టుకుని, కిటికీ పక్కకు జరిగి కూర్చుంటోంది.