యర్రయ్య అరచెయ్యి

కొండ మీది ముంచింగిపుట్టులో బండి ఉన్నవాళ్లందరికీ యర్రయ్య అరచెయ్యి సంగతి తెలుసు. పొద్దున్నే ఇంజను స్టార్ట్ చేసి, బానెట్ మీద కుడి అరచెయ్యి ఆన్చి, కళ్లు మూసుకుని కాసేపు నిలబడేవాడు. నాడి చూడటమంటారు దాన్ని. "దీనికి డీజిల్ సరిగ్గా అందటం నేదు" అనేవాడు, "దీని బెల్టు వదులైపోనాది" అనేవాడు. చెప్పింది చెప్పినట్టు ఉండేది. వేరే ఊళ్ల డ్రైవర్లు కూడా సంతరోజు బండి తెచ్చి, "ఓపాలి సెయ్యి పెట్టు మావా" అని బతిమాలేవారు. అప్పుడు చూడాలి యర్రయ్య దర్జా. కలెక్టరుగారు కూడా అంత నిదానంగా సంతకం పెట్టరు.

యర్రయ్యది పాచిపెంట దగ్గర చిన్న రైతు కుటుంబం. ఉన్న చెక్క భూమి అన్నల పాలైతే, తమ్ముడు లారీ క్లీనరై కొండెక్కాడు. క్లీనరు డ్రైవరయ్యాడు, డ్రైవరు తల నెరిసింది, సొంత బండి యోగం మాత్రం పట్టలేదు. ఇప్పుడు నడుపుతున్నది కిరాణా వ్యాపారి వీరభద్రరావుది. నిజానికి అది ఏడు సీట్ల డీజిల్ కారు. కొండ మీద దాన్ని కూడా జీపనే అంటారు. ఏడు సీట్లలో ఎంతమంది పడతారని మాత్రం అడగకూడదు.

ఆ జీపు ఒకరోజు సంత నుంచి జనంతో ఘాటీ రోడ్డు ఎక్కుతూ, ధడేలుమని ఒక్క చప్పుడు చేసి చచ్చిపోయింది. యర్రయ్య బ్రేకు తొక్కి, చక్రాల కింద రాళ్లు పెట్టించాడు. అదృష్టం బాగుండి ఎవరికీ ఏమీ కాలేదు. ట్రాక్టరుకి కట్టి వరహాలరావు మెకానిక్ షెడ్డుకి లాక్కొచ్చి, ఇంజను విప్పి చూస్తే క్రాంకు రెండు ముక్కలై ఉంది. పిస్టన్లు పైకీ కిందకీ ఆడే ఆటను గుండ్రటి తిరుగుడుగా మార్చి చక్రాలకి పంపే ఇరుసు అది. అది విరిగిందంటే బండికి నడుం విరిగినట్టే.

వీరభద్రరావు మండిపడ్డాడు. "వయసైపోయింది యర్రయ్యా నీకు. గేరు తగ్గించకుండా ఘాటీ ఎక్కించి ఉంటావు. ఆ కుర్ర డ్రైవరు తరుణ్‌ని పెట్టుకోమని అందరూ చెబుతూనే ఉన్నారు, నేనే మొహమాటపడ్డాను. కారణం ఏంటో వరహాలుని తేల్చనీ. తప్పు నీదైతే బండి తాళం ఇచ్చేయ్."

ఆ రోజు యర్రయ్యకి ముద్ద దిగలేదు. ఈ కొండ మీద అతనికి పొలం లేదు, చుట్టాలు లేరు. యర్రయ్య డ్రైవరు అన్న పేరొక్కటే ఉంది. అందులోంచి డ్రైవరు తీసేస్తే మిగిలే యర్రయ్య ఎవరో అతనికే తెలీదు. భయమేసింది. ఏ లోయ మలుపులోనూ అంత భయం వెయ్యలేదు.

మర్నాడు షెడ్డు ముందు జనం పోగయ్యారు. ఎద్దు పుండు కాకికి నొప్పా? ఆయిలు అయిపోయిందని ఒకడు, జనాన్ని కుక్కేశాడని ఇంకొకడు, తలా ఒక తీర్పు చెబుతున్నారు. వరహాలరావు ఎవరినీ పట్టించుకోకుండా బేరింగులు తుడిచి చూపించాడు.

"ఆయిలు అందకపోతే ఇవి మాడిపోవాలి కదా. సుబ్బరంగా ఉన్నాయి." తర్వాత క్రాంకు ముక్క ఎత్తి పట్టుకున్నాడు. "బరువుకి ఒక్కపాలి పుటుక్కున ఇరిగితే, ఇరిగిన సోటంతా గరుగ్గా ఉంటాది. దీన్ని సూడండి."

ఒక పక్కంతా నున్నగా, నూనె పట్టి నల్లబడి ఉంది. దాని మీద, కోసిన మానులో ఉన్నట్టు, ఒకదాని వెనక ఒకటి గీతలు. రెండో పక్క మాత్రం గరుగ్గా, తెల్లగా మెరుస్తోంది.

"ఈ నల్లది పాత పగులు. ఎప్పుడో పుట్టి, రోజూ కొంచెం కొంచెం పాకింది. మిగిలిన ఈ కాస్తా మొన్న ఘాటీలో తెగిపోనాది."

"ఊరికే ఎందుకు పాకుతుందయ్యా?" అన్నాడు వీరభద్రరావు.

వరహాలరావు క్రాంకు కొసనుండే పుల్లీ తెచ్చాడు. రెండు ఇనుప వలయాల మధ్య రబ్బరు కట్టు ఉంటుంది దానికి. వేలు పెట్టి అదిమితే ఆ రబ్బరు పెళ్లలు పెళ్లలుగా రాలింది.

"ఇంజను వణుకుని మింగేది ఈ రబ్బరే బావూ. పాతబడి పోయింది. ఇది పోతే వణుకంతా క్రాంకు మీదే పడతాది. పెద్ద సప్పుడుండదు, వణుకే. నెలల తరబడి వణికి వణికి ఇరిగింది. మావ తప్పేటీ నేదు."

యర్రయ్యకి కళ్లమ్మట నీళ్లొచ్చాయి. వీరభద్రరావు కాస్త సిగ్గుపడి, "సరేలే, కొత్తది వేయిద్దాం. బండి నీదే" అని అతని భుజం తట్టాడు.

అంతలో పసుపు అమ్ముకునే అప్పలనర్సమ్మ ముందుకొచ్చింది. సంతకి ఆ జీపులోనే వెళ్లే మనిషి. "నాను సెప్పనేదా? బండి వణుకుతంది బావా అంటే, బండి కాదు, సలికి నువ్వే వణుకుతన్నావని ఎక్కిరించినావు!"

అందరూ నవ్వారు. యర్రయ్యా నవ్వాడు. వరహాలరావు చేతులు తుడుచుకుంటూ, "అదే నాకూ అర్థం కాలేదు మావా. రోజూ సెయ్యి పెడతావు కదా, నీకెలా తెల్లేదు?" అన్నాడు. పాపం, మనసులో ఏదో పెట్టుకుని అన్న మాట కాదది.

యర్రయ్య నవ్వు ఆగిపోయింది. చెయ్యి పెట్టాడు. ఒక్క రోజూ మానలేదు. ఈ మధ్య బండి ఎంత మెత్తగా నడుస్తోందో అని భార్య అసిరమ్మ దగ్గర మురిసిపోయాడు కూడా.

జనం టీకి కదిలాక క్రాంకు ముక్క అందుకున్నాడు. కళ్లు మూసుకుని, బొటనవేలితో నున్నటి పక్క తడిమాడు, గరుకు పక్క తడిమాడు. రెండూ ఒకటే. ఎడమ చేత్తో తడిమాడు. గుడ్డ చుట్టుకుని ముట్టుకున్నట్టుంది. కళ్లు తెరిస్తే బొటనవేలు తెగి రక్తం కారుతోంది.

అప్పుడు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. పొయ్యి మీది గిన్నె వట్టి చేత్తో దించితే, "మా మనిషికి వేడంటే లెక్కనేదు" అని అసిరమ్మ గొప్పలు పోయేది. చెప్పు ఎక్కడో జారిపోయినా తెలియక ఒంటి చెప్పుతో ఇంటికొస్తే ఇద్దరూ పడీపడీ నవ్వుకున్నారు. షుగరుంది, కాళ్లూ చేతులూ మొద్దుబారతాయి, మందులు మానకు అని ఆసుపత్రిలో చెప్పినప్పుడూ నవ్వేశాడు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితితొట్టిలో పడ్డట్టు, ఊరి బళ్లన్నిటి నాడీ చూసినవాడు తన నాడి చూసుకోలేదు. మొన్న ఘాటీలో బ్రేకు మీద కాలు ఉందని ఎలా తెలిసింది? బండి ఆగింది కాబట్టి తెలిసింది. వెనక అంతమంది ఆడవాళ్లు, చంటిపిల్లలు.

లేచి వెళ్లి వీరభద్రరావు కొట్టు బల్ల మీద తాళం పెట్టాడు.

"తప్పు నీది కాదని తేలిందిగా! ఇంకా అలకేంటయ్యా?"

"అలక కాదు బావూ. తరుణ్‌ని పెట్టుకోండి." అంతకంటే ఒక్క ముక్క చెప్పలేదు. చెబితే జాలి పడతారు. దానికంటే పొగరనుకోవడమే నయం. ఊరు కూడా అలాగే అనుకుంది.

ఇంటికెళ్లేసరికి అసిరమ్మ పెరట్లో గిన్నెలు తోముతోంది. తొట్టిలో నీళ్లు ముట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోయేంత చలి. అతని వేలు చూసి తడి చేతులతోనే పరిగెత్తుకొచ్చి, చెంగు చింపి కట్టు కట్టింది.

"నీ తప్పు నేదన్నారట కదా! మరేటయ్యా, మొగమలా ఉంది?"

ఏదో ఒకటి చెప్పి ఆమెని నవ్వించాలనుకున్నాడు యర్రయ్య. ఆమె రెండు చేతులూ తన అరచేతుల్లోకి తీసుకున్నాడు.

"నీ సేతులు ఎంత ఎచ్చగా ఉన్నాయే అసిరీ" అన్నాడు.

అసిరమ్మ తన చేతుల వంక చూసుకుంది. అవి చలికి నీలంగా కమిలి ఉన్నాయి. అతని అరచేతులు వెలుగులోకి తిప్పి చూసింది.