అయిదో రీలు, పేచ్చియమ్మాళ్ చెవి

కోవిల్పట్టి శెణ్బగం టాకీస్‌లో తెర వెనక గోడకు ఆనుకుని ఒక రేకుల షెడ్డు ఉండేది. అదే కాంటీను. అందులో పేచ్చియమ్మాళ్ ఇరవై రెండేళ్ళు బోండాలు వేసింది. ఆ ఇరవై రెండేళ్ళలో ఆమె సినిమాలు చూసింది తక్కువ, విన్నది ఎక్కువ. ఆ మాటకొస్తే ఆమె విన్నన్ని సినిమాలు ఆ ఊళ్ళో ఎవరూ చూసి కూడా ఉండరు. గోడకు అవతల ఏడుపులు, దెబ్బలు, పాటలు. ఇవతల నూనె మూకుడు. ఏ మాట దగ్గర పిండి కలపాలో, ఏ కేక దగ్గర మొదటి వాయి వేయాలో ఆమెకు రెండో రోజుకల్లా కంఠతా వచ్చేసేది. ఇంటర్వెల్ బెల్లు మోగేసరికి బోండాలు పొగలు కక్కుతూ ఉండాలి. చల్లారినవి పెడితే అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ ఆడవాళ్ళు ఊరుకునే రకం కాదు.

చెవులతో సినిమా చూసే మనిషికి అభిప్రాయాలు ఉండకూడదా ఏమిటి? ఉండేవి. లోపల దాచుకుంటే బాగుండేది గానీ పైకి అనేసేది. ఊరంతా నెత్తిన పెట్టుకున్న ప్రేమకథ గురించి, "ఆ పిల్ల మూడు గంటలు ఏడ్చింది, ఒక్కసారైనా ముక్కు చీదలేదు. అది ఏడుపేనా?" అంది. జనం గజగజ వణికిన దయ్యం సినిమా గురించి, "గజ్జెలు కట్టుకుని వచ్చే దయ్యానికి భయమెందుకు? చెప్పి మరీ వస్తోందిగా" అంది. జనం కుర్చీలు విరగ్గొట్టిన ఒక దిక్కుమాలిన హాస్య చిత్రం మాత్రం ఆమెకు ప్రాణం. అందులో మొగుడూ పెళ్ళాం నిజంగా కాపురం చేసేవాళ్ళలా పోట్లాడుకుంటారని కారణం చెప్పింది.

ఆమె భర్త ఇసక్కిముత్తు అదే టాకీసులో ఆపరేటరు. పైన కేబిన్‌లో మిషను రొదకు అతనికి ఒక్క మాటా వినపడదు, చిన్న కిటికీలోంచి బొమ్మ మాత్రం కనపడుతుంది. మొగుడు చూస్తాడు, వినడు. పెళ్ళాం వింటుంది, చూడదు. "మీ ఇద్దరికీ కలిపి ఒక టిక్కెట్టు చాలు" అని ఊరివాళ్ళు ఆటపట్టించేవారు.

ఇక ఆ సంవత్సరం వచ్చిన తల్లి సినిమా సంగతి. శెణ్బగం టాకీసు పుట్టాక నూరు రోజులు ఆడిన మొదటి సినిమా అది. ఆడవాళ్ళు తడి కొంగులతో బయటికి వచ్చేవారు, కుర్రకారు కటౌట్‌కు పాలాభిషేకాలు చేసేవారు. పేచ్చియమ్మాళ్ మాత్రం దానికి దగ్గుల సినిమా అని పేరు పెట్టింది.

"రోజుకి నాలుగాటలు దగ్గుతోంది ఆ తల్లి. కొడుకు ముప్ఫై మందిని చితకబాదాడు, బాగానే ఉంది. ఒక్క లోటాడు శొంఠి కషాయం కాచి ఇచ్చాడా? పైగా పెళ్ళాన్ని చెంప మీద కొడితే హాలంతా ఈలలు! ఆ ఈలల్లో నా గుర్తు మాట వినపడక రెండు వాయిలు మాడిపోయాయి."

అభిమాన సంఘం అధ్యక్షుడు మాడసామికి ఒళ్ళు మండింది. పొద్దున టైర్ల షాపు, సాయంత్రం హీరో భక్తి, అదీ అతని బతుకు. "అక్కా, మా అన్న సినిమాని ఇట్టా అంటే కళ్ళు పోతాయి!"

"పోతే పోనీరా. నాకు చెవులు చాలు."

"ఇంతకీ నీకు నచ్చిన సినిమా ఏదో ఇంకోసారి చెప్పి చావు."

"ఉప్పు బండి."

అంతే, నలుగురూ పొట్టలు పట్టుకున్నారు. ఆ పేరు చెబితే కోవిల్పట్టిలో చిన్నపిల్లలు కూడా నవ్వుతారు. పదకొండేళ్ళ క్రితం వచ్చి నాలుగు రోజుల్లో రీళ్ళ పెట్టె తిరిగిపోయిన సినిమా అది. అందులో ఉప్పమ్ముకునే తాత చచ్చిపోతాడు. పాడె కడతారు, కాలుస్తారు. ఆ వెంటనే తాపీగా అరుగు మీద కూర్చుని "చుట్ట ఉందా?" అని అడుగుతాడు. మొదటి ఆటలోనే హాలు గోలెత్తిపోయింది. "కొత్త రకం సినిమాలంట, పీనుగులు చుట్ట కాలుస్తాయంట" అని రెండో ఆటకల్లా ఊరంతా పాకింది. ఇంట్లో ఎవరైనా కునుకు తీస్తూ పనికి లేవకపోతే ఇప్పటికీ "చుట్ట కావాలా తాతా?" అని లేపుతారు.

తాత ఎందుకు లేచాడో ఆ ఊళ్ళో ఇద్దరికే తెలుసు. ఆ ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకోలేదు.

ఆ రోజు మొదటి ఆటలో ఇసక్కిముత్తు అయిదో రీలు బదులు ఆరో రీలు ఎక్కించాడు, దాని తర్వాత అయిదోది. తాత చావు ఆరోది. చుట్ట అడగడం అయిదోది. గోడ వెనక పేచ్చియమ్మాళ్ చచ్చిన మనిషి గొంతు వినగానే గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. రెండో ఆటలో చుట్ట ముందు వచ్చింది, చావు తర్వాత వచ్చింది. ఆమెకు అంతా అర్థమైంది. ఆ మధ్యాహ్నం అతను కాంటీనుకు వచ్చి బోండా చేతిలోకి తీసుకుని, కొరక్కుండానే పళ్ళెంలో పెట్టి పైకి వెళ్ళిపోయాడు. యజమాని రత్నవేల్ అయ్య అంతకుముందున్న ఆపరేటరును ఇదే తప్పుకు గొడుగు కూడా తీసుకోనివ్వకుండా గేటు దాటించాడు. నోరు విప్పితే మొగుడి ఉద్యోగం పోతుంది, పేరూ పోతుంది. అందుకే ఆమె నోరు కుట్టేసుకుంది.

కానీ ఆ మిగిలిన ఆటలన్నీ ఆమె ఖాళీ హాలులో వింది. ఈలలు లేవు, గోల లేదు. బండి ఇరుసు కిర్రుమనడం కూడా వినపడింది. అయిదో రీలులో తాత ఆకలితో ఉంటాడు. ఉన్న కాస్త అన్నమూ తన ముసలి పెళ్ళాం తినాలని, తను తిన్నానని అబద్ధం చెప్పి, ఆకలి చంపుకోవడానికి చుట్ట అడుగుతాడు. ముసలమ్మ ఆ అబద్ధం కనిపెట్టేసి కూడా ఏమీ అనదు. పాట లేదు, వీణ లేదు. పేచ్చియమ్మాళ్ ఆ నాలుగు రోజులూ ఆ చోట మూకుడు దించేసేది. అంత ఇష్టం ఆమెకు ఆ సినిమా అంటే. దాన్ని ఊరు నవ్వులపాలు చేసింది. మొగుడు కూడా అందరితో కలిసి నవ్వేవాడు, పాపం, నవ్వక ఏం చేస్తాడు?

నూరో రోజు సాయంత్రం టాకీసులోనే వేడుక పెట్టారు. తెర ముందు బల్లలు వేసి, మైకు కట్టి, పూలదండలు తెప్పించారు. ఆపరేటరు ఇసక్కిముత్తుకు యజమాని చేతుల మీదుగా షీల్డు ఇచ్చారు. అతని పక్కనే కాంటీను పేచ్చియమ్మాళ్‌నూ నిలబెట్టి మెడలో దండ వేశారు. మాడసామి మైకు అందుకున్నాడు. దొరక్క దొరక్క దొరికిన అవకాశం, వదులుతాడా?

"అందరూ వినండి! ఈ నూరు రోజుల్లో మన సినిమా నచ్చని మనిషి ఒక్కరే ఒక్కరు, మన పేచ్చక్క! అక్కకి నచ్చింది ఏదో తెలుసా? ఉప్పు బండి!"

హాలు గొల్లుమంది. వెనక బెంచీలోంచి ఎవరో "చుట్ట ఉందా తాతా?" అని అరిచారు.

"ఇవాళ నిన్ను వదలను అక్కా. పదకొండేళ్ళుగా అంటున్నావు. చచ్చినోడు లేచొచ్చే సినిమాలో ఏం చూశావో చెప్పు."

ఆమె భర్త వైపు చూసింది. అతను షీల్డును చంటిబిడ్డలా పొదువుకుని నేల చూపులు చూస్తున్నాడు. రీళ్ళు తారుమారయ్యాయి అన్న రెండు మాటలు చాలు, ఊరి నవ్వంతా ఆగిపోతుంది. ఆ రెండు మాటలూ ఆమె మింగేసింది.

"నాకు బాగుంది, మీకు బాలేదు. అంతేరా. నాకు బుద్ధి తక్కువ అనుకో. ఇంకోసారి కారణం అడిగావంటే రేపట్నుంచి నీకు బోండా లేదు."

మళ్ళీ నవ్వులు. ఈసారి ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దండ సర్దుకునే నెపంతో మొహం తిప్పుకుంది. అది ఇసక్కిముత్తు చూశాడు. చూడటమే కదా అతని పని. షీల్డు బల్ల మీద పెట్టి మాడసామి చేతిలోంచి మైకు లాక్కున్నాడు.

"తాత లేవలేదు. నేను లేపాను."

మైకు ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు.

"అయిదోది పెట్టాల్సిన చోట ఆరోది పెట్టాను. తప్పు నాది. ఆ సినిమాది కాదు, నా పెళ్ళానిదీ కాదు. ఇన్నేళ్ళూ మీతో కలిసి దీన్ని చూసి నవ్వాను. అది ఇంకా పెద్ద తప్పు."

రత్నవేల్ అయ్య లేచాడు. మొహం కందగడ్డలా ఉంది. "పదకొండేళ్ళుగా ఆ సినిమా తీసినవాణ్ణి తిడుతున్నాను కదరా" అన్నాడు. బల్ల మీది షీల్డు తీసి చంకలో పెట్టుకున్నాడు. "ఇది నీకు లేదు. రేపు పొద్దున డ్యూటీకి రా." మాడసామి తిరిగి చేతికొచ్చిన మైకును జేబు రుమాలుతో తుడుస్తూ నిలబడ్డాడు.

కాంటీనులోకి వచ్చాక పేచ్చియమ్మాళ్ మొగుణ్ణి దులిపేసింది. "పదకొండేళ్ళు నేను మోసింది ఒక్క నిమిషంలో కింద పడేశావు. ఆయన వెళ్ళగొడితే ఏం చేసేవాళ్ళం?"

"నీకు తెలుసా?"

"ఆ రోజే తెలుసు."

"మరి ఒక్కసారైనా అడగలేదేం?"

"నువ్వు ఆ పూట బోండా తినలేదు" అంది. ఒక వాయి వేసి పళ్ళెం అతని ముందు తోసింది. అతను నాలుగూ తిన్నాడు.

తర్వాతి నెలలో యజమాని మదురైకి మనిషిని పంపి ఉప్పు బండి పెట్టె తెప్పించాడు. ఒక్క మాట్నీ. మాడసామి సంఘమంతా దిగింది. పేచ్చియమ్మాళ్ పొయ్యి ఆర్పేసి, మంచి చీర కట్టుకుని, మొదటిసారిగా మధ్య వరసలో కూర్చుంది. నాలుగో రీలు అయిపోయింది. తెర తెల్లగా వెలిగింది. ఆ తెలుపు మీద, హాలంత ఎత్తున, ఒక చెయ్యి నీడ పడింది. అయిదు వేళ్ళు చాపి ఉన్నాయి.

హాలంతా నవ్వింది. ఆమె వెనక్కి తిరిగి కేబిన్ కిటికీ వైపు చూస్తూ, "తెలిసిందిలే, వెయ్యి" అంది.

తాత చుట్ట అడిగాడు. మాడసామి బోరుమని ఏడ్చాడు, ముక్కు కూడా చీదాడు. పేచ్చియమ్మాళ్ ఆ సీను చూడలేదు. కళ్ళు మూసుకుని వింది.